కుంటడం చేతగాని ఊరు

మా ఊరి మంచినీళ్ళను ఇండోనేషియా వాళ్ళు తీసుకుపోయారు. ఇందులో వాదించడానికేమీ లేదు. తీసుకుపోయారు, అంతే.

అయినా ఆ దేశంలోని ఒక మహా విశ్వవిద్యాలయానికి ఇక్కడినుంచే నమస్కారం పెడుతున్నాను. పరిశోధనను మించిన పుణ్యకార్యం లేదని మీకు నిరూపించేదాకా ఈ కలం కింద పెట్టను. ఊరిబడిలో నాలుగక్షరాలు నేర్చినవాడికి పరిశోధన గురించి ఏం తెలుసంటారా? కోత గురించి కత్తినడుగుతారా, మేకనడుగుతారా?

ఆ విశ్వవిద్యాలయం పేరు మాత్రం రాయను. రాస్తే, తమ పేరు అనంతపురం పల్లెల్లో ఎంత వ్యాపించిందో దానిమీద ఇంకో పేపరు రాస్తారు. ఏడాదికి వేల పేపర్లు అచ్చవుతాయట. మా పక్కకొచ్చే మబ్బు అందులో పదోవంతు ఒళ్ళు వంచినా, మేము వేరుశెనగ మానేసి వరి వేసుకునేవాళ్ళం!

అనంతపురం కాలేజీలో లెక్చరర్‌గా ఉన్న ఉదయ్ కుమార్ ఆ పేపర్లన్నీ ఫోన్‌లో చూపించాడు. మా ఊరివాడే. వాళ్ళ పరిశోధనలకు ఇక్కడి చేయి అతనే. అగ్నిపర్వతం బూడిదలో టమోటా ఎట్లా పెరుగుతుంది? పేపరు. దురియన్ అనే పండు కంపు బస్సులో ఎన్ని సీట్ల దాకా పోతుంది? పేపరు. పునుగుపిల్లి తిని వదిలిన కాఫీ గింజకు ఆ రుచి పిల్లి ఇచ్చిందా, ముందే ఉందా? దీనిమీద చాలా పేపర్లున్నాయి. ఒకదానికొకటి పడదు. ఇన్ని పేపర్లు ఎందుకు వస్తున్నాయని ఒక పేపరు! అన్నీ చూసి పిల్లి మీద జాలి కలిగింది.

మరి అంత పెద్ద విశ్వవిద్యాలయానికి మేమెట్లా దొరికాం? కష్టం ఉంటే చాలు, పరిశోధన వెతుక్కుంటూ వస్తుంది. మా ఊరు కళ్యాణదుర్గం నుంచి షేర్ ఆటో దూరం. మా బోరు నీళ్ళలో ఫ్లోరైడు. పిల్లప్పుడే పళ్ళకు గార పడుతుంది. నడివయసులో మోకాళ్ళు కట్టెలవుతాయి. పెద్దవాళ్ళు నేలమీద కూర్చోరు. కూర్చుంటే లేపడానికి ఇద్దరు కావాలి. నా భార్య సుంకమ్మ ఏళ్ళ తరబడి సంగటి నిలబడే కెలికింది, నిలబడే వడ్డించింది, గోడకు ఆనుకుని నిలబడే తిన్నది.

అట్లాంటి ఊరికి ఇద్దరు ప్రొఫెసర్లూ, దేవి అనే విద్యార్థినీ వచ్చారు. బడి గోడ పక్కన బోరుకు ఫ్లోరైడును వడగట్టే నిలువెత్తు డబ్బా ఒకటి బిగించారు. లోపల కొబ్బరిచిప్పల బొగ్గూ, వాళ్ళ దేశపు మట్టీ ఏవో ఉన్నాయి. ఊరంతా ఆ నీళ్ళే తాగాలన్నారు. తాగాం. ఏడాది తిరిగి ఇంకొంత కాలం గడిచేసరికి మోకాళ్ళు కదలడం మొదలుపెట్టాయి. సుంకమ్మ ఒక పొద్దున ఎవరికీ చెప్పకుండా పొయ్యి ముందు కూర్చుంది. కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చుంది. పిచ్చి పట్టిందేమో అనుకున్నాను.

పేరు దేవి అయినా ఆ పిల్ల తలకు గుడ్డ చుట్టుకునేది, వేళకు నమాజు చేసేది; వాళ్ళ దేశంలో అట్లాంటి పేర్లు మామూలేనట. సర్వేకు వచ్చిన మొదటిసారే సుంకమ్మ ఆమెకు సంగటీ, శెనక్కాయల ఊరిబిండీ పెట్టింది. ఆ పిల్ల కళ్ళనీళ్ళు కారుస్తూ తిని, ఇంకొంచెం అడిగింది. తమ ఇంట్లో కూడా శెనక్కాయలూ మిరపకాయలూ కలిపి నూరుతారని ఉదయ్ చేత చెప్పించింది.

“అట్లాగైతే పరాయి పిల్ల యాడైతాది?” అని సుంకమ్మ తీర్పు చెప్పేసింది. అప్పటినుంచి వచ్చినప్పుడల్లా ఆ పిల్లకు మా ఇంట్లోనే తిండి.

ఇక అసలు పుణ్యం వినండి. ఆఖరి సర్వే దగ్గరపడిందని ఉదయ్ పాలకేంద్రం దగ్గర చెప్పాడు. మోకాళ్ళు బాగయ్యాయని తేలితే పేపరు రాస్తారు. పేపరు రాస్తే ప్రాజెక్టు అయిపోతుంది. ప్రాజెక్టు అయిపోతే డబ్బా ఊడబీకి, ఫలితం ఇంకా రాని ఊరికి పట్టుకుపోతారు.

బయ్యన్న మా వార్డు మెంబరు. పాల క్యాను కింద పెట్టి అడిగాడు: “బాగుపడకపోతే?”

“ఇంకా కొన్నేండ్లు పెట్టి చూస్తారు.”

“అంటే బాగైతే నీళ్ళు పోతాయి, బాగుగాకుంటే నీళ్ళుంటాయి. అంతేనా అప్పా?”

అంతే మరి! బాగుపడినవాడితో సైన్సుకేం పని?

బయ్యన్న అక్కడికక్కడే చాటింపు వేశాడు. “దొంగతనం గాదు, దోపిడీ గాదు. వాళ్ళున్న రెండు దినాలు కుంటండి. కుంటేది మనకేం కొత్తనా?”

కొత్తే అయిపోయింది! మంచినీళ్ళు తాగిన కాళ్ళు కుంటడం మరచిపోయాయి. ఈశ్వరప్ప పొద్దున కుడికాలు కుంటాడు, మధ్యాహ్నం ఎడమకాలు కుంటాడు. లింగప్ప ప్రొఫెసర్ల ముందు మూలుగుతూ నాలుగడుగులు వేశాడు. అంతలో మేక శెనగచేలో పడింది. దాని వెంట చెట్టెత్తు ఎగిరి పరుగెత్తాడు. తరిమి వచ్చి మళ్ళీ మూలగడం మొదలుపెట్టాడు. ప్రొఫెసర్లు తలలు గీరుకున్నారు. అయినా మా వాళ్ళ నోళ్ళు గట్టివి. నొప్పులెట్లా ఉన్నాయంటే అందరూ ఒకటే మాట: “అట్లే ఉండాయి సామీ.” మా ఊరు ఒక్కమాట మీద నిలబడడం పుట్టి బుద్ధెరిగాక అప్పుడే చూశాను.

మిగిలింది మా ఇల్లు. ఆ పిల్ల ఎదుట నిలబడే ఉండమని సుంకమ్మకు ముందే చెప్పాను. “నాకు తెల్దా?” అంది. నేను వాకిట్లో గోడ పట్టుకుని, చూసినవాళ్ళకు కడుపు తరుక్కుపోయేలా కుంటుతున్నాను.

మధ్యాహ్నం దేవి వచ్చింది, వెంట ఉదయ్. ఆ పిల్ల నేలమీద బాసింపట్లు వేసుకుని కూర్చుంది. సుంకమ్మ నిలబడే సంగటి ముద్ద వేసింది. ఊరిబిండి గిన్నె చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడింది. దేవి తల పైకెత్తి, నేర్చుకున్న ముక్కలు కూడబలుక్కుంది.

“అమ్మా, నువ్వు తిన్నావా?”

సుంకమ్మ ఒక్కసారి నా వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. ఊపుతూనే ఉన్నాను. ఆమె చీర కుచ్చిళ్ళు సర్దుకుని, ఆ పిల్ల ఎదురుగా నేలమీద కూర్చుంది. రెండు మోకాళ్ళూ మడిచి. ఊరిబిండి వేసి, తనూ ఒక ముద్ద పెట్టుకుంది.

దేవి చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. తర్వాత నవ్వింది, కళ్ళు తుడుచుకుంది, ఎడమచేత్తో ఫోన్ తీసి ఫోటో పట్టింది. ఉదయ్ నేల చూశాడు.

వాళ్ళు పోయాక అడిగాను, ఇదేం పని అని. సుంకమ్మ కంచాలు తీస్తూ చెప్పింది: “దేశంగాని దేశం బిడ్డ. నిలబడి పెడితే బిచ్చం వేసినట్ల ఉంటాది. నువ్వు కుంటితివి గదా, నీ సరదా నీది. నాకు సిగ్గయితాది.”

ఆ నెల తిరక్కుండానే వ్యాను వచ్చి డబ్బాను తీసుకుపోయింది. పేపరు గొప్పగా వచ్చింది. దేవికి డాక్టరేటు వచ్చింది. ఉదయ్‌కు ప్రమోషన్ వచ్చింది. విశ్వవిద్యాలయం లెక్కలో ఇంకొకటి కలిసింది. ఇంతమందికి ఇన్ని ఇచ్చిన మోకాళ్ళు మీ ఊళ్ళో ఉన్నాయా? మాకు మాత్రం ఏం తక్కువైంది? బోరు ఎక్కడిదక్కడే ఉంది. క్యాను నీళ్ళ ఆటో కూడా వస్తుంది, డ్రైవర్‌కు మా ఊరు గుర్తొచ్చినప్పుడు.

సుంకమ్మ మళ్ళీ నిలబడే వడ్డించింది. తర్వాత గుండెనొప్పి వచ్చి కన్నుమూసింది. దానికీ నీళ్ళకూ సంబంధం లేదని డాక్టరు చెప్పాడు. సరే.

దినాలకు పటం కట్టించాలంటే ఆధార్ కార్డు ఫోటో తప్ప ఇంకోటి లేదు. అందులో ఆమె పోలీసుస్టేషన్‌లో ఉన్నట్టు ఉంటుంది. ఉదయ్‌ను అడిగితే ఫోన్‌లో పేపరు తెరిచాడు. సుంకమ్మ నేలమీద కూర్చుని, ముద్ద చేత్తో పట్టుకుని నవ్వుతోంది. కళ్ళమీద నల్లటి పట్టీ.

ఆ పట్టీ తీసి ఇమ్మన్నాను.

“ఇయ్యరు మామా. దేవి కూడా అడిగింది. ఫోటోలో ఉండేది ఎవరో తెలియగూడదని వాళ్ళ రూలు.”

“ఎవరికి తెలియగూడదప్పా? నాకా?”

మంచి రూలే. ఇంటి ఆడమనిషి పరువు అంత దూరంలోని వాళ్ళు కాపాడుతున్నారంటే మాటలా? నీళ్ళకూ అట్లాంటి రూలు ఒకటి పెట్టుకోవాలని వాళ్ళకు తోచలేదు. తోచనివాళ్ళను నేను క్షమించను. ఆ పూట కూర్చున్నందుకు ఆమెను కూడా ఇంకా క్షమించలేదు.

ఆ పేపరును ఎన్నో దేశాలవాళ్ళు తమ పేపర్లలో ఉదహరిస్తున్నారట. ఆమె మోకాళ్ళ మాట ఎక్కడెక్కడో నడుస్తోంది. ఈ ఊళ్ళో ఆమెను ఉదహరించేవాణ్ణి నేనొక్కణ్ణే.

ఇదే ఆఖరు. ఇక నేనూ ఉదహరించను.