చైర్మన్ గారింట్లో డిన్నర్

గురువారం పొద్దున సెత్ ఎంట్విజిల్ పెళ్లినాటి నల్ల సూటు తొడుక్కుని, అద్దం ముందు నిలబడి, నుదుటి మీది మచ్చను జుట్టుతో కప్పాలని తంటాలు పడుతున్నాడు. క్లెగ్‌వర్త్ టౌన్ జట్టుకి చాలా ఏళ్లుగా అతనే సెంటర్ ఫార్వర్డ్. వానకి తడిసి రాయిలా బరువెక్కిన తోలుబంతిని తలతో గోల్లోకి కొట్టీ కొట్టీ, బంతికి కుట్టిన తోలు తాడు అతని నుదుటి మీద అచ్చుపడిపోయింది. ఆ మచ్చను చూసి ఊరు మురిసిపోయేది. మోకాళ్లు అరిగిపోయిన సంగతి మాత్రం అతని భార్య నెల్లీకి తప్ప ఎవరికీ తెలియదు.

ఇంకో ఏడాది ఆడితే గొప్ప. ఆ తర్వాత క్లబ్బులోనే కుర్రాళ్లకు ఆట నేర్పే ఉద్యోగమైనా దొరకాలి, బొగ్గుగనిలోకైనా దిగాలి. సెత్ తండ్రి, అన్న ఇద్దరూ గనిలో పనిచేసి, దగ్గి దగ్గి పోయారు. అందుకే శనివారం ఆట అయ్యాక క్లబ్బు చైర్మన్, ఊరి మిల్లు యజమాని అయిన గార్‌సైడ్ భుజం తట్టి, "గురువారం మా ఇంటికి డిన్నర్‌కి రావయ్యా. నువ్వు ఆట మానేశాక ఏం చేస్తావో మాట్లాడుకుందాం" అన్న దగ్గర్నుంచి సెత్ కాళ్లు నేల మీద లేవు.

"డిన్నర్ అంటే పన్నెండున్నరకేగా?" అంది నెల్లీ, కోటు దులుపుతూ.

"కాకపోతే అర్ధరాత్రి తింటారా ఎవరైనా?"

అందులో అతని తప్పేమీ లేదు. క్లెగ్‌వర్త్‌లో మధ్యాహ్నం మిల్లు కూతేస్తే తినేది డిన్నర్. సాయంత్రం తినేది టీ. కొండ మీది పెద్దిళ్లలో మాత్రం డిన్నర్ రాత్రి ఎనిమిదింటికి. ఆ ముక్క కిందివాళ్లకి ఎవరూ చెప్పలేదు. కిందివాణ్ణి డిన్నర్‌కి పిలవడం అదే మొదలు మరి.

ఆ రోజు ప్రాక్టీసు ఉంది. ఉద్యోగం సంగతి ముందే పొక్కితే చెడుతుందని సెత్ ట్రైనర్‌కి చెప్పకుండానే ట్రామెక్కాడు. కండక్టర్ అతని నల్ల సూటు చూసి, "ఎవరు పోయారు సెత్?" అన్నాడు.

"ఎవరూ పోలేదు. నేనే పోతున్నా, మంచి చోటికి!" అన్నాడు సెత్ హుషారుగా. నోరు జారడమంటే అదే.

గార్‌సైడ్ ఇంటి పనిపిల్ల తలుపు తీసి, సూటు చూసి, పెరటి దారి చూపించింది. వంటింట్లో వంటావిడ మిసెస్ ప్రాగ్‌నెల్ చెమటలు కక్కుతూ పిండి పిసుకుతోంది.

"డిన్నర్‌కి రమ్మన్నారమ్మా" అన్నాడు సెత్, టోపీ తీసి.

"వడ్డించడానికి పిలిపించిన మనిషివా?" అని ఆవిడ అడిగి ఉంటే ఈ కథే లేదు. ఆవిడ అలా అడగలేదు. "పెందలాడే వచ్చావు, బతికించావు. కోటు విప్పి ఆ చెంచాలు తోము" అంది.

"అయ్యగారు...?"

"మిల్లులో ఉన్నారు. నువ్వు తోము నాయనా, కబుర్లెందుకు?"

పెద్దవాళ్లిళ్లలో పద్ధతి ఇదేనేమో అనుకున్నాడు సెత్. చెంచాలయ్యాయి, ఫోర్కులయ్యాయి. చివరికి ఆవిడ ఓ పళ్లెంలో నిన్నటి మాంసం కూరిన రొట్టె ముక్క పెట్టి గట్టు మీదికి తోసింది. "తిని వెళ్లి, ఆరింటికి మళ్లీ రా. తెల్ల గ్లవ్స్ మర్చిపోకు."

"గ్లవ్స్ దేనికి? నేను గోల్‌కీపర్ని కాను!" అని సెత్ కోటు విసురుగా తొడుక్కుని బయటపడ్డాడు.

ఇంటికొస్తే నెల్లీ గుమ్మంలోనే ఎదురొచ్చింది. "ఉద్యోగం ఇచ్చారా?"

"ఇచ్చారు. అంట్లు తోమే ఉద్యోగం."

ఈలోగా ట్రాము కండక్టర్ మంగలికి చెప్పాడు: సెత్ మంచి చోటికి పోతున్నాడట. మంచి చోటంటే పక్కూరి బ్రాకెన్‌లీ జట్టేనని మంగలి తేల్చేశాడు. ప్రాక్టీసుకి రాలేదన్న కబురు దానికి తోడైంది. సాయంత్రానికి సెత్ బ్రాకెన్‌లీకి సంతకం పెట్టేశాడు, వాళ్ల చొక్కా తొడుక్కుని ఫొటో కూడా దిగాడు, ఫొటో చూసినవాళ్లు సైతం ఇద్దరు తేలారు.

రాత్రి ఎనిమిదింటికి గార్‌సైడ్ బల్ల దగ్గర ఒక కుర్చీ ఖాళీగా ఉంది. కబురందించడానికి వచ్చిన ట్రైనర్ తలొంచుకుని ఊళ్లో విన్నది చెప్పాడు. గార్‌సైడ్ మొహం కందగడ్డైంది. "అన్నం పెట్టిన చెయ్యి కరుస్తాడా!" అని బల్ల గుద్ది, ఆ కోపంలోనే, పక్కన సూప్ తాగుతున్న మేనల్లుడికి సెత్ కోసం అట్టే పెట్టిన ఉద్యోగం ఇచ్చేశాడు. ఆ కుర్రాడు జన్మలో బంతిని తన్నినవాడు కాడు.

మర్నాడు సెత్ మిల్లు ఆఫీసులోకి దూసుకొచ్చాడు. "డిన్నర్‌కని పిలిచి చెంచాలు తోమిస్తారా సార్? ఇన్నేళ్లు తల బద్దలు కొట్టుకుంది ఇందుకేనా?"

"అసలు నువ్వు రానే లేదు కదయ్యా!"

"పన్నెండున్నరకల్లా వచ్చాను!"

గార్‌సైడ్‌కి అప్పుడు సంగతి అర్థమైంది. తర్వాత నవ్వాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు, గుమాస్తాలను పిలిచి చెప్పి వాళ్లతో కలిసి మళ్లీ నవ్వాడు. యజమాని నవ్వుతుంటే ఊరుకుంటే బాగుండదని సెత్ కూడా నవ్వాడు. సెత్ నవ్విన ఆ నవ్వు తలుచుకుంటే, కథ చెప్పే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

"మరి ఆ ఉద్యోగం సార్?"

"అయ్యో, మా వాడికి అందరి ముందూ మాటిచ్చేశానే. పెద్దమనిషన్నాక మాట తప్పకూడదు కదా." గార్‌సైడ్ కళ్లు తుడుచుకున్నాడు. "అన్నట్టు సెత్, మా వంటావిడ నిన్ను తెగ మెచ్చుకుంది. ఫోర్కుల్లో మొహం కనబడుతోందట."

మరుసటేడు సెత్ గనిలోకి దిగాడు. క్లబ్బు వార్షిక విందుకి మాత్రం అదే నల్ల సూటుతో, తెల్ల గ్లవ్స్‌తో గార్‌సైడ్ ఇంట్లో వడ్డిస్తాడు. ఎవరో ఒకరు పాత డిన్నర్ కథ ఎత్తుకుంటారు, మేనల్లుడు అందరికంటే గట్టిగా నవ్వుతాడు, సెత్ దగ్గు ఆపుకుంటూ అతనికి బంగాళాదుంపలు వడ్డిస్తాడు.

అతిథులు ఎనిమిదింటికి వస్తారు. సెత్ మాత్రం డిన్నర్ వేళకే, అంటే పన్నెండున్నరకే వస్తాడు. చెంచాలు తోమాలి కదా.