చైర్మన్ గారు నాటిన జమ్మి

దసరా సాయంత్రం మా ఊరి హైస్కూల్ గ్రౌండులో రాష్ట్ర వృక్షమైన జమ్మి అవతరించిందని పచ్చదనం పరిరక్షణ కమిటీ చైర్మన్ శ్రీపాల్ గారు మైకులో ప్రకటించారు. ఆ సమయానికి నేను అక్కడే ఉండటం నా అదృష్టం. గ్రౌండుకు ఎదురుగా నాకో ఫ్లెక్సీ షాపు ఉంది. ఊళ్లో ఏ గొప్ప కార్యం జరగాలన్నా ముందు నాకు ఆర్డరు వస్తుంది, తర్వాత కార్యం జరుగుతుంది. ఈసారి మాత్రం కార్యమే ముందు జరిగిపోయింది.

మా ఊరు జనగామ నుంచి దేవరుప్పుల పోయే దారిలో ఉంది. దసరా నాడు మేం జమ్మికి పూజ చేసి, ఆకు తెంపుకొని, బంగారమని పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కుతాం. గ్రౌండులో జమ్మి చెట్టు లేదు. అందుకని ప్రతి ఏడూ ముసలి యాకమ్మ చేని గట్టు మీదున్న జమ్మి నుంచి ఒక కొమ్మ కోసుకొచ్చి, గుంత తీసి నిలబెట్టి, దానికే పూజ చేస్తారు. కొమ్మ కోసేది తండా మనిషి రాంజీ. పెట్రోలు రంపం, తాళ్లు, ట్రాలీ ఉన్న చెట్ల కోత వ్యాపారి. పూజ కాగానే జనం మీద పడి ఆకులు దూసుకుంటారు. మర్నాటికి పుల్ల మిగులుతుంది. దాని గురించి ఎవరూ బాధపడరు.

ఈసారి చైర్మన్ గారు పక్క ఊళ్లలో వరసగా మొక్కలు నాటి, ఆలస్యంగా వచ్చారు. దిగగానే ఎదురుగా గుంత కనిపించింది. గుంతలో పచ్చగా ఒకటి నిలబడి ఉంది. పక్కన బిందెలో నీళ్లు, చుట్టూ జనం, ముందు ఫొటోగ్రాఫర్. అలవాటైన చెయ్యి కదా, పార తెప్పించి మట్టి వేశారు. నీళ్లు పోశారు. తానే ముందు చప్పట్లు కొట్టి మైకు అందుకున్నారు.

"ఈ జమ్మి చెట్టు నేను నాటిన. ఇగ దీన్ని కన్నబిడ్డ లెక్క చూసుకుంట. ఒక్క ఆకు తెంపినా కేసు పెట్టిస్త."

బంగారం కోసం చాపిన చేతులన్నీ వెనక్కి పోయాయి. కొందరు తెలివైనవాళ్లు అవే చేతులతో చప్పట్లు కొట్టారు. ఆ రాత్రి ఊరంతా ఒట్టి చేతులతోనే కౌగిలించుకొని అలయ్ బలయ్ చేసుకుంది. మర్నాడు ఆ కొమ్మ చుట్టూ ఇనుప కంచె, కంచె మీద నేను కొట్టిన ఫ్లెక్సీ వెలిశాయి. ఫ్లెక్సీలో చైర్మన్ గారు చెట్టు కన్నా పెద్దగా ఉన్నారు. కొలతలు వాళ్లే ఇచ్చారు.

రెండ్రోజులకు ఆకులు ముడుచుకున్నాయి. కమిటీ అధికారి వివేక్ గారు రాంజీని పిలిపించారు. ఫ్లెక్సీ మీద ముడతలు సరిచేస్తూ నేను అక్కడే ఉన్నాను.

"చెట్ల పని నీకు ఎరుక గద. ఇది వాడిపోవద్దు," అన్నారు.

"సార్, గది కొమ్మ. దానికి వేరు లేదు."

"వేరు యాడుంటది?"

"భూమిల సార్."

"భూమిల ఉన్నదాన్ని లేదని ఎట్ల చెప్తవ్? తవ్వి చూసినవా?"

"నేనే కోసి తెచ్చిన సార్."

"ఏంతోటి కోసినవ్? రంపానికి పర్మిషన్ ఉన్నదా?"

రాంజీ తల వంచుకొని కొమ్మ మొదలు వైపు చూశాడు. ఒక్క ప్రశ్నతో దానికి వేర్లు మొలిచాయి. పరిపాలనా దక్షత అంటే నాకు ఆ రోజే అర్థమైంది.

రాంజీ వ్యాపారం గురించి రెండు మాటలు చెప్పాలి. కరెంటు తీగలకు తగిలే వేపలు, ఇంటి మీదికి ఒరిగిన తుమ్మలు, రేకుల మీద పడే కొబ్బరి మట్టలు అన్నీ అతని పనే. ఆకులు మేకలవాళ్లకు, కట్టెలు ఇటుక బట్టీకి. కొమ్మ కొట్టించే ప్రతివాడికీ ఒకటే కోరిక ఉంటుంది: కొమ్మ పోవాలి, నీడ పోవద్దు. పక్కింటివాడికి కొమ్మ తన వైపు పడకూడదు, కట్టెలు మాత్రం తన వైపు రావాలి. వీళ్లందరితో రోజూ వాదించి, ఆ తర్వాత చెట్టెక్కాలి. అతను పైన ఉంటే భార్య సీతాబాయి కింద తాడు పడుతుంది. కొమ్మ కింద ఏముందో పైవాడికి కనిపించదు కనుక, తాడు పట్టిన మనిషి "కొయ్" అనేదాకా రంపం ఆడదు. వాళ్ల వ్యాపారంలో ఉన్న రూలు అదొక్కటే. ఒకసారి సర్పంచ్ గారు స్వయంగా కొయ్యమన్నా రాంజీ సీతాబాయి వైపే చూశాడు. కింద మేకపిల్ల ఉంది.

అలాంటి రాంజీ మళ్లీ యాకమ్మ చేని దగ్గరికి పోయాడు.

"పండుగ అయిపాయె గద బిడ్డా. మల్ల కొమ్మెందుకు?" అంది యాకమ్మ.

"చైర్మన్ సార్ నాటింది వాడిపోయింది అవ్వా."

"కోసి పెట్టినంక వాడదా మరి?"

"గీ ఒక్కసారి అవ్వా. లేకుంటే నా రంపం గుంజుకపోతరు."

యాకమ్మ ఇచ్చింది. కానీ ఆమెకు ఆ చెట్టు ఉత్త చెట్టు కాదు. కొమ్మ ఇచ్చిన మనిషి చేతిలోనే మొదటి ఆకు పెట్టాలని మా ఊరి ఆనవాయితీ. ఏడాదంతా ఎవరికీ పట్టని యాకమ్మ కాళ్లు ఆ ఒక్క సాయంత్రం ఊరు మొత్తం మొక్కుతుంది, పెద్ద పెద్ద ఇళ్లవాళ్లతో సహా. ఈసారి గ్రౌండులో ఆమె కొత్త చీర కట్టుకొని చీకటి పడేదాకా నిలబడింది. ఎవరి చేతిలోనూ ఆకు లేకపోయె, ఎవరూ మొక్కకపోయిరి.

తెల్లవారే సరికి గ్రౌండులో జమ్మి మళ్లీ కళకళలాడింది. అప్పటినుంచి అది వాడినప్పుడల్లా రాంజీ పాలవ్యాను రాకముందే వచ్చి మార్చేవాడు. మారిన ప్రతిసారీ చెట్టు కొంచెం వేరేగా ఉండేది. ఒకసారి తూర్పుకు ఒరిగితే ఇంకోసారి పడమరకు ఒరిగేది. వాస్తు కోసం తిరుగుతున్నదని చైర్మన్ గారి భార్య విమల గారు కనిపెట్టి ప్రదక్షిణలు మొదలుపెట్టారు.

అయితే చైర్మన్ గారి చూపు సామాన్యమైనది కాదు.

"వివేక్, పోయినసారి ఎంతున్నదో గంతే ఉన్నది. పెరుగుతలేదేంది?"

ఆ మాటతో రాంజీ పని రెట్టింపయింది. ఇక ప్రతి కొమ్మా ముందటిదాని కన్నా పెద్దది కావాలి. సంక్రాంతి దాటేసరికి చెట్టు చైర్మన్ గారి భుజం దాటింది. శివరాత్రికి తల దాటింది. ఇంత వేగంగా ఎట్లా పెరిగిందని విలేకరులు అడిగితే "మనసు పెట్టి నాటితే పెరుగుతది" అన్నారు. ఒక కొమ్మతో పాటు పాత పిట్టగూడు కూడా వచ్చింది. "చైర్మన్ చెట్టుకు తిరిగొచ్చిన పక్షులు" అని పేపర్లో వేశారు. గూట్లో పక్షి లేదు, ఫొటోలో పెట్టారు.

ఇక్కడ చెట్టు పెరుగుతున్న కొద్దీ చేని గట్టు మీద చెట్టు తగ్గిపోయింది. ఒక రోజు యాకమ్మ కమిటీ ఆఫీసుకు వచ్చింది.

"నా జమ్మిని మోడు చేసిండ్రు సారూ. ఇగ ఒక్కటే పెద్ద కొమ్మ మిగిలింది. దాన్నన్న వదిలిపెట్టుండ్రి."

చైర్మన్ గారు కుర్చీలోంచి లేచారు. ఆయన కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి, నేను చూశాను.

"రాష్ట్ర వృక్షాన్ని నరుకుతరా? నా ఊళ్లనా? వివేక్, ఎవరో పట్టుకోవాలె. ఆ మిగిలిన కొమ్మకు వెంటనే రక్షణ కల్పించాలె."

వివేక్ గారు రక్షణ కల్పించారు. ఎండాకాలం మొదట్లో జిల్లా నుంచి చెట్ల ఎదుగుదల చూసే బృందం వస్తున్నదని కబురొచ్చింది. చేను దగ్గర దొంగల భయం ఉంది, గ్రౌండులో కంచె ఉంది. కొమ్మకు గ్రౌండే క్షేమమని ఆయన తేల్చి, రాంజీని, సీతాబాయిని వెంటబెట్టుకొని చేనికి పోయారు. బ్యానరు కట్టడానికి నన్నూ తీసుకుపోయారు.

యాకమ్మ చెట్టు మొదట్లో కూర్చుని ఉంది. రాంజీ పైకెక్కి, కొమ్మకు తాడు కట్టి, తాడు రెండో కొసను మాను పై చీలికలోంచి కిందికి వేసి, రంపం స్టార్ట్ చేశాడు. సీతాబాయి తాడు పట్టుకుంది, కానీ "కొయ్" అనలేదు.

"చెప్పవేంది?" అన్నారు వివేక్ గారు.

"కింద మనిషున్నది సార్."

మనుషులొచ్చి యాకమ్మను పక్కకు జరిపారు. ఆమె కొమ్మ వైపే చూస్తూ నిలబడింది. నాకు చూడబుద్ధి కాక బ్యానరు ముడి ఇంకోసారి వేశాను.

"ఇప్పుడు చెప్పు."

"ఇంకా మనిషి ఆన్నే ఉన్నది సార్," అని సీతాబాయి తాడు కింద పెట్టేసింది. పైకి చూసి వాళ్ల భాషలో మొగుడితో ఏదో అంది. నాకు అర్థం కాలేదు. రాంజీకి బాగా అర్థమైనట్టుంది, రంపం ఆపేశాడు.

వివేక్ గారు వెనుకాడే మనిషి కాదు. తాడు తానే తీసుకుని నడుముకు చుట్టుకున్నారు.

"నేను చెప్తున్న. కొయ్."

"సార్, తాడు నడుముకు చుట్టుకోవద్దు," అన్నాడు రాంజీ పైనుంచి.

"నీ రూల్ ఏంది? తాడు పట్టినోడు చెప్పాలె గద. పట్టిన, చెప్పిన. కొయ్. లేకుంటే రంపం ఇడిచిపెట్టి దిగు."

రాంజీ రంపం వైపు ఒకసారి, యాకమ్మ వైపు ఒకసారి చూశాడు. కోశాడు. కొమ్మ కిందికి వచ్చింది, వివేక్ గారు పైకి పోయారు. అధికారులు పైకి పోవాలంటే మామూలుగా సిఫారసు కావాలి. ఆయన తాడుతోనే పోయి, జమ్మి ముళ్ల మధ్య ఆగారు.

"దింపు," అన్నారు సన్నని గొంతుతో.

"కిందున్న మనిషి చెప్పాలె సార్," అన్నాడు రాంజీ.

అందరం సీతాబాయి వైపు చూశాం. సీతాబాయి యాకమ్మ వైపు చూసింది.

"దింపుండ్రి బిడ్డా," అంది యాకమ్మ. "ముండ్లు గుచ్చుకుంటయి, పాపం."

దిగిన వెంటనే వివేక్ గారు చేసిన మొదటి పని, పర్మిషన్ లేని రంపాన్ని స్వాధీనం చేసుకోవడం. అప్పటినుంచి రాంజీ గొడ్డలితో కొబ్బరి మట్టలు కొట్టి బతుకుతున్నాడు. జిల్లా బృందం గ్రౌండుకొచ్చి, చెట్టు కింద నిలబడి టీ తాగి, చైర్మన్ గారికి ఉత్తమ ఎదుగుదల షీల్డు ఇచ్చి పోయింది.

మార్చే రంపమూ లేదు, మార్చడానికి కొమ్మా లేదు. చెట్టు ఎండింది. అది ఆకురాలు కాలమని వివేక్ గారు చెప్పారు. వానలు పడ్డాక విశ్రాంతి తీసుకుంటున్నదన్నారు. మొదలుకు చెదలు పడితే జీవవైవిధ్యమన్నారు. కంచె మీద ఫ్లెక్సీ మాత్రం పచ్చగానే ఉంది. మంచి ఇంకు వాడాను.

మళ్లీ దసరా వచ్చింది. గ్రౌండు నిండిపోయింది. చైర్మన్ గారు షీల్డుతో సహా వచ్చి పెద్ద మనసు చేసుకున్నారు.

"పోయినేడు ఆకు ముట్టొద్దన్న. ఈయేడు నా చెట్టు పెద్దగైంది. అందరు బంగారం తెంపుకోండ్రి. ముందుగాల నేనే తెంపుత."

ఆయన కంచె దాటి, ఫొటోగ్రాఫర్ వైపు చూసి నవ్వుతూ, చెయ్యి పైకెత్తి ఒక రెమ్మ పట్టుకొని గుంజారు. చెట్టు మొత్తం ఆయన చేతిలోకి వచ్చింది.

చైర్మన్ గారు ఆ మోడును అటూ ఇటూ తిప్పి, రంపంతో సాపుగా కోసిన మొదలును చాలాసేపు చూశారు. ఆయన ముఖం ఎర్రబడింది.

"వివేక్, దీని వేర్లు ఎవరు కోసుకపోయిండ్రు?"

జనం ఒక్కొక్కరే గ్రౌండు గేటు దాటారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, అందరూ యాకమ్మ చేని వైపే నడిచారు. నేనూ షాపు షట్టరు దించి వెంట పోయాను. గట్టు మీద జమ్మి మోడుకు వానలకు కొత్త చిగుళ్లు వచ్చాయి, మోకాలి ఎత్తు. మేకలు మేయకుండా సీతాబాయి తన కోత తాడు చుట్టూ కట్టి, పక్కన నిలబడింది. యాకమ్మ పోయినేటి కొత్త చీరే కట్టుకుంది.

రాంజీ ముందుకొచ్చి ఆగి, సీతాబాయి వైపు చూశాడు. ఆమె యాకమ్మ వైపు చూసింది. యాకమ్మ తల ఊపింది.

"తెంపు," అంది సీతాబాయి. "ఒక్కటే."

రాంజీ ఒక్క ఆకు తెంపి యాకమ్మ చేతిలో పెట్టి కాళ్లు మొక్కాడు. వెనక ఉన్నవాళ్లు ఇంకో ఆకు అడగలేదు. ఆ ఆకు ఉన్న చేతికే ఒక్కొక్కరుగా దండం పెట్టి, ఆమె కాళ్లు మొక్కి జరిగారు. నా వంతు వచ్చేసరికి గ్రౌండు వైపు నుంచి మైకు మోగింది. వివేక్ గారి గొంతు.

"చైర్మన్ గారి చెట్టు వేర్లు తీసుకపోయినోళ్లు తెచ్చి కమిటీ ఆఫీసుల అప్పజెప్పాలె. పేర్లు బయటపెట్టం."