బూట్లు విప్పిన సైనికుడు

ఆ రోజు ఉదయం డిజైనర్ వేసుకున్న ప్రణాళికలో పొరపాటుకు ఎక్కడా చోటు లేదు. తొమ్మిదికల్లా ఇంటి నుంచి బయటపడాలి. పదికి ప్రదర్శన మందిరం చేరి తెరలూ స్పీకర్లూ సరిచూసుకోవాలి. మధ్యాహ్నం నాలుగింటికి మూడు వందల మంది ఆటగాళ్ల ముందు 'చివరి దండయాత్ర' ఏడో భాగాన్ని ఆడించి చూపాలి. తర్వాత ఇంటికొచ్చి ముసుగు తన్ని పడుకోవాలి.

వీడియో గేములు తయారుచేసే ఆ సంస్థలో ఆమె చేరి పదకొండేళ్లయింది. ఆ పదకొండేళ్లలో ఆమె ఒకే ఆటను ఆరుసార్లు తయారుచేసింది. సైనికుడు పరిగెత్తుతాడు, కాలుస్తాడు, శత్రువుల స్థావరంలో చొరబడి మళ్లీ కాలుస్తాడు. భాగం మారినప్పుడల్లా మారేది అతని మీసం ఒక్కటే. ఆమె కొత్త ఆలోచన పట్టుకుని వెళ్లిన ప్రతిసారీ యజమాని అదే మాట అనేవాడు: "కొత్తది ఎవరిక్కావాలమ్మా? జనం తెలిసిందే ఆడతారు. ఆ మీసం ఇంకొంచెం మెలితిప్పు, చాలు." తిరిగొచ్చిన ఆలోచనలన్నీ ఆమె బల్ల సొరుగులో పడేవి. సొరుగు ఇప్పుడు మూత పడటం లేదు.

ఆరో భాగం కొన్నవాళ్లలో చాలామంది, ఇది మా ఇంట్లో ఇదివరకే ఉందండీ అంటూ తిరిగిచ్చేశారు. ఏడోది కూడా అలా తిరిగొస్తే ఆమె విభాగాన్నే ఎత్తేస్తానని యజమాని తేల్చి చెప్పాడు. ఆయన దృష్టిలో తప్పంతా మీసానిదే.

ఎనిమిదింటికి ఫోను మోగింది. ఆటలో సేనాపతికి గొంతు ఇచ్చే నటుడు. "మేడమ్..." అన్నాక గాలి తప్ప ఇంకేమీ రాలేదు. జలుబుతో గొంతు పూర్తిగా పడిపోయింది. మరో నటుడు మధ్యాహ్నం వచ్చి చదువుతానన్నాడు గానీ, సేనాపతి ఇచ్చే ఇరవై నాలుగు ఆజ్ఞల్లో ఏది ఎంతసేపు పడుతుందో ఈలోగా చూసుకోవాలి. అందుకు ఎవరిదో ఒక గొంతు కావాలి. బడిలో ముప్పై ఏళ్లు డ్రిల్లు టీచరుగా పనిచేసి రిటైరైన అత్తగారు పక్క గదిలోనే ఉన్నారు.

"అత్తయ్యా, ఈ కాగితంలో ఉన్నవి కాస్త గట్టిగా చదివి పెడతారా?"

"కళ్లజోడు ఎక్కడ పెట్టానో కనపడట్లేదమ్మాయ్. నోటికొచ్చింది అనేస్తే సరిపోదా?"

"ఏదైనా పర్లేదండీ. ఎంతసేపు పడుతుందో తెలిస్తే చాలు. మధ్యాహ్నానికి ఎలాగూ తీసేస్తాం."

సరిగ్గా అప్పుడే, ఆఫీసుకు బయల్దేరిన అత్తగారి కొడుకు బండి తాళం మర్చిపోయి, ఫోనులో ఎవరితోనో గొడవపడుతూ పరుగున లోపలికొచ్చాడు. అత్తగారికి మాటలు వెతుక్కునే పని తప్పింది.

"ఆగు! ఎక్కడికా పరుగు? ముందు బూట్లు విప్పి లోపలికి రా! ఎవరి మీదరా ఆ అరుపులు? వాడేం చేశాడని? అసలేం కావాలో అడిగావా? ఆ గదిలో ఎవరున్నారని లైటు? ఆర్పు!"

ఇరవై నాలుగు ఆజ్ఞలూ నాలుగు నిమిషాల్లో డిజైనర్ ఫోనులో రికార్డయ్యాయి. కొడుకు తాళం లేకుండానే పారిపోయాడు.

డిజైనర్ వాటిని ప్రోగ్రామర్‌కు పంపుతూ, "ఇవి తాత్కాలికం. ఆటను వీటికి సరిపెట్టు" అని రాయబోయింది. ఒక కాలు చెప్పులో, ఒక చెయ్యి సంచిలో ఉన్నాయి. 'త' అనే అక్షరం కొట్టగానే ఫోను తనకు తోచిన మాట చూపించింది. చూడకుండా నొక్కేసింది. "ఇవి తక్షణం. ఆటను వీటికి సరిపెట్టు" అని వెళ్లింది. ఆ తొందరలో ఫోనును ఛార్జింగుకి పెట్టి, అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

ప్రోగ్రామర్ మహా బుద్ధిమంతుడు. చెప్పింది చేస్తాడు, అర్థం కానిది అడిగి చేస్తాడు. ఇరవై నాలుగు ఆజ్ఞలూ రెండుసార్లు విని నేరుగా యజమాని గదికి వెళ్లాడు.

"సార్, సేనాపతి ఆజ్ఞలు మొత్తం మారిపోయాయి. మీకు తెలుసా?"

యజమాని అద్దం ముందు నిలబడి సాయంత్రానికి టై ఎంచుకుంటున్నాడు. తన సంస్థలో తనకు తెలియనిది ఉందని ఒప్పుకోవడం ఆయన జాతకంలో లేదు.

"తెలియకపోవడమేంటయ్యా? చెప్పిందే నేను. చెప్పినట్టు చెయ్యి."

ప్రోగ్రామర్ పనికి కూర్చున్నాడు. ఆట మొదట్లో సైనికుడు బూట్లు తొడుక్కునే దృశ్యం ఒకటుంది. దాన్ని వెనక్కి తిప్పి చూస్తే అచ్చం విప్పుకుంటున్నట్టే ఉంది. అక్కడి నుంచి సందేహాలు మొదలయ్యాయి. డిజైనర్‌కు ఫోను చేశాడు. అవతల పలికిన గొంతు వినగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. సాక్షాత్తూ సేనాపతి!

"అమ్మా, సైనికుడు బూట్లు విప్పాక ఎక్కడ పెట్టాలండీ?"

"నెత్తిన పెట్టుకుంటాడా నాయనా? గుమ్మం పక్కన, వరసగా."

"మరి శత్రువులు?"

"వాళ్లకేమన్నా ప్రత్యేకమా? వాళ్లూ అక్కడే."

"లోపలికెళ్లి కాల్చొచ్చా అండీ?"

"ఎందుకు కాల్చడం? ఏం కావాలో అడగమను ముందు."

"అడిగితే వాళ్లేం చెప్పాలండీ?"

అత్తగారు ముప్పై ఏళ్ల బడి అనుభవంతో చెప్పారు. "అంతమంది ఒక్క గుమ్మం దగ్గర విడిచాక ఇంకేముంటుంది? ఒకరి బూట్లు ఇంకొకరు వేసుకుపోయుంటారు. గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి."

ప్రోగ్రామర్ ప్రతి ముక్కా రాసుకున్నాడు. మధ్యాహ్నం వచ్చిన రెండో నటుణ్ణి, సేనాపతిగారు దొరికారని చెప్పి సాగనంపాడు. శత్రువుల మాటలు తనే పలికాడు. నాలుగింటికి రెండు నిమిషాలుందనగా చెమటలు కక్కుతూ మందిరానికి చేరి, ఆటను యంత్రంలో పెట్టాడు.

"అంతా సరిపోయిందా?" అని అడిగింది డిజైనర్.

"అక్షరం పొల్లుపోలేదు మేడమ్."

ఆరో భాగాన్ని కళ్లకు గంతలు కట్టుకుని పూర్తిచేసిన అమ్మాయి ఒకామె ఉంది. ఆటగాళ్లందరూ ఆమెను ఛాంపియన్ అంటారు. ఆమెనే వేదిక మీదికి పిలిచారు. ఆమె ఆవులించి, తెరవైపు సరిగా చూడకుండానే సైనికుణ్ణి స్థావరం మీదికి పరిగెత్తించింది.

"ఆగు! ఎక్కడికా పరుగు?"

స్పీకర్లు అదిరాయి. సైనికుడు ఆగాడు. ముందు వరుసలో ఇద్దరు కుర్రాళ్లు అలవాటుగా నడుం నిటారుగా పెట్టి కూర్చున్నారు. ఛాంపియన్ ఆవులింత సగంలో నిలిచిపోయింది.

"ఎవర్దమ్మా ఆ గొంతు?" అని యజమాని డిజైనర్ చెవి కొరికాడు.

"మా అత్తగారిది సార్."

"ఆవిడ యుద్ధంలోకి ఎందుకొచ్చింది?"

డిజైనర్ అప్పటికే తెర వెనక్కి పరిగెత్తి, మోకాళ్ల మీద పాకుతూ, కరెంటు ప్లగ్గు పట్టుకుంది. పదకొండేళ్ల ఉద్యోగం గంగలో కలిసిందని ఆమెకు అర్థమైపోయింది. హాలంతా నవ్వుతోంది. వెనకాలే యజమాని వచ్చి వంగాడు. "లాగెయ్! లాగెయ్యమ్మా!"

లాగబోయింది. అంతలో నవ్వులు ఆగిపోయాయి. ఆమె తెర పక్కనుంచి తల బయటపెట్టి చూసింది.

ఛాంపియన్ కుర్చీ అంచుకు జరిగి ముందుకు వంగింది. సైనికుడు బూట్లు విప్పి గుమ్మం పక్కన పెట్టాడు. అక్కడ అప్పటికే పదకొండు జతలున్నాయి. "అంటే లోపల పదకొండు మంది," అని గొణిగింది ఛాంపియన్. సైనికుడు సాక్సులతో, అడుగుల చప్పుడు లేకుండా గదులన్నీ తిరిగాడు. పదిమందే కనిపించారు. "పదకొండోవాడు ఎక్కడో దాక్కున్నాడు!" అని హాల్లోంచి ఎవరో అరిచారు. "లైటు చూడు, లైటు! ఖాళీ గదిలో వెలుగుతోంది!" అని ఇంకెవరో. ఆమె లైటు ఆర్పింది. బీరువా లోపలి నుంచి ఎవరో ఉలిక్కిపడి దగ్గారు. మూడు వందల మంది ఒక్కసారిగా లేచి కేకలు పెట్టారు.

డిజైనర్ తెర పక్కనుంచి వాళ్లనే చూస్తోంది. తను చేసిన ఆరు ఆటల్లో ఏ ఒక్కదాని ముందూ మనుషులు ఇలా లేవలేదు.

"లాగమన్నానా!" అన్నాడు యజమాని పళ్లు నూరుతూ.

"లాగను సార్," అని ఆమె ప్లగ్గు వదిలేసి, దానికి అడ్డంగా కూర్చుంది.

పద్నాలుగో నిమిషంలో సైనికుడు బీరువా తెరిచాడు. శత్రు సేనాపతి చేతులెత్తి నిలబడ్డాడు. ఛాంపియన్ తుపాకీ మీట మీద వేలు పెట్టింది. "వాడేం చేశాడని? అసలేం కావాలో అడిగావా?" అంది పైనుంచి గొంతు. ఆమె వేలు తీసి, అడిగింది.

"నా బూట్లు మీవాళ్లెవరో వేసుకుపోయి, వాళ్లవి వదిలేశారు," అన్నాడు శత్రు సేనాపతి, ప్రోగ్రామర్ గొంతుతో, దాదాపు ఏడుస్తూ.

సైనికుడు వెతికి తెచ్చి ఇచ్చాడు. యుద్ధం ముగిసింది. ఒక్క తూటా పేలలేదు. చప్పట్లు ఎంతకీ ఆగలేదు. ఆ చప్పట్ల మధ్యే ప్రోగ్రామర్ ఉదయం ఫోను సంగతంతా డిజైనర్ చెవిలో వేశాడు. మళ్లీ మొదట్నుంచి ఆడతానని ఛాంపియన్ కుర్చీ వదల్లేదు.

విలేకరులు వేదికను చుట్టుముట్టారు. యజమాని టై సవరించుకుని మైకు అందుకున్నాడు. "ఈ ఆలోచన నాకు చాలా కాలంగా..."

"ఖాళీ గదిలో లైటు పెట్టడం ఎలా తట్టింది సార్?" అని ఒకామె అడిగింది.

యజమాని మళ్లీ టై సవరించుకోసాగాడు. డిజైనర్ ఆయన చేతిలోంచి మైకు మెల్లగా తీసుకుంది.

"అది మా అత్తగారి ఆలోచనండీ. ఆవిడ తన కొడుకును తిడుతూ ఇచ్చారు. ఒక్క పూటలో ఆటగా మలిచింది మా ప్రోగ్రామర్. నేను చేసిందల్లా ఫోను మర్చిపోవడం, ప్లగ్గు పీకకపోవడం. కానీ నా సొరుగులో ఇంకా చాలా ఉన్నాయి. ఇకమీదట ఏడాదికొకటి, ఎవరూ చూడని ఆట తెస్తాం. అంతే కదా సార్?"

మూడు వందల మంది యజమాని వైపు చూశారు. ఆయన తలూపాడు. ఊపక ఏం చేస్తాడు? ఆ తలూపుడు మర్నాడు అన్ని పత్రికల్లోనూ ఫొటోగా వచ్చింది. అత్తగారు దాన్ని చూసి, "పాపం, ఈయనకి మెడ నొప్పేమో, కనుక్కున్నావా?" అన్నారు.

ఆట విరగబడి అమ్ముడుపోయింది. కొన్నవాళ్లలో ఒక్కరూ తిరిగివ్వలేదు. ప్రోగ్రామర్‌కు సొంత గది వచ్చింది. డిజైనర్ తన సొరుగులోంచి మొదటి కాగితం బయటికి తీసింది. అందులో సైనికుడూ లేడు, శత్రువూ లేడు.

ఏడాది తిరిగేసరికి బజారులోకి బూట్లు విప్పే ఆటలు తొమ్మిది దిగాయి. ఒకదాంట్లో సముద్రపు దొంగ ఓడెక్కే ముందు విప్పుతాడు. ఇంకోదాంట్లో గుర్రం కూడా నాడాలు విప్పి గుడారంలోకి వస్తుంది. యజమానికి ఒళ్లు మండిపోయింది. గేముల తయారీదారుల సదస్సులో వేదికెక్కి, సొంతంగా ఆలోచించడం చేతకానివాళ్ల గురించి ముప్పావుగంట నిప్పులు చెరిగాడు. సభ మొత్తం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

అది కిందటేడు అదే వేదిక మీద మరొకాయన చదివిన ఉపన్యాసం.