పీతకు పది కాళ్ళే!

పిల్లలకు సముద్రం గురించి చక్కగా నేర్పాలంటే ముందుగా వాళ్ళని సముద్రానికి దూరంగా ఉంచాలి. ఈ మాట అన్నందుకు నావైపు కొరకొరా చూడకండి. నేను అనుభవం మీద చెబుతున్నాను.

దిగితే గానీ లోతు తెలియదని పూర్వం అనేవారు. పాపం, వాళ్ళకి వర్క్‌బుక్ లేదు! ఇప్పుడు లోతు మూడో పేజీలోనే ఉంది, మీటర్లతో సహా. ఇంక దిగడమెందుకు, బట్టలు తడుపుకోవడమెందుకు?

మా అమ్మాయి ఆరో తరగతి. వాళ్ళ బడి గేటు ముందున్న రోడ్డు దాటితే సముద్రమే. ఈ ఏడాది వాళ్ళకి మెరైన్ సైన్స్ ప్రాక్టికల్స్ పెట్టారు. పిల్లలు స్వయంగా చేసి నేర్చుకోవాలట. అందుకోసం ఏసీ, కంప్యూటర్లు, నీలిరంగు గోడలతో పెద్ద ల్యాబ్ కట్టారు. ఉప్పుగాలికి కంప్యూటర్లు పాడవుతాయని సముద్రం వైపున్న కిటికీలన్నిటికీ మేకులు కొట్టేశారు. ఆ కిటికీల మీదే సముద్రం పోస్టరు అంటించారు. అందులో అలలు కదలవు కాబట్టి పిల్లలకి లెక్కపెట్టడం సులువు.

ల్యాబ్ మధ్యలో ఒక అద్దాల తొట్టి ఉంది. పిల్లలు చేతులు పెట్టి చేపల్నీ నత్తల్నీ తాకి తెలుసుకోవాలని తెప్పించారు. దాని మీద 'ముట్టుకోరాదు' అని బోర్డు. మూతకి తాళం. తాళంచెవి హెడ్మాస్టరు గారి దగ్గర, హెడ్మాస్టరు గారు మీటింగులో. ఇదేం విడ్డూరం అంటారా? ముట్టుకుంటే చేపకి చిరాకు, పిల్లవాడికి జలుబు, బడికి కంప్లయింటు. ఒక్క బోర్డుతో ముగ్గురూ సుఖపడ్డారు కదా!

తర్వాత ఫీల్డ్ ట్రిప్. తల్లిదండ్రులం ఆరు ఫారాలు నింపాం. మూడో ఫారంలో, మీ అమ్మాయికి ఇంతకుముందు సముద్రం మీద ఆసక్తి ఏమైనా ఉండేదా అని అడిగారు, పాత జబ్బుల గురించి అడిగినట్టు. ట్రిప్ అంటే బస్సు ఉండి తీరాలని రూలు. కనుక అందరూ బస్సెక్కారు. బడి ముందు రోడ్డు వన్‌వే కావడంతో బస్సు ఊరంతా తిరిగి ముప్పావుగంటకి బడి గేటుకి ఎదురుగా ఆగింది. ముక్కెక్కడుందంటే తల చుట్టూ తిప్పి చూపిస్తే నష్టమేమిటి? దారిలో తల కూడా చూసినట్టయింది!

ఒడ్డున తాడు కట్టారు. పిల్లలకి లైఫ్ జాకెట్లు, గ్లవుజులు తొడిగారు. పొడి ఇసుకలో పట్టా పరిచి, ఎండ కళ్ళలో పడకుండా సముద్రం వైపు వీపులు పెట్టి కూర్చోబెట్టారు. సైన్స్ మేడమ్ ట్యాబ్‌లో అలల వీడియో వేశారు. వెనకనుంచి వస్తున్న హోరు వల్ల వీడియో సరిగ్గా వినబడలేదని తర్వాత రిపోర్టులో రాశారు.

అంతా సవ్యంగానే ముగిసేది. కానీ రూల్సు తెలియని పీత ఒకటి తాడు కిందనుంచి దూరి మా అమ్మాయి దగ్గరికి వచ్చింది. ఫారం లేదు, సంతకం లేదు! అమ్మాయి గ్లవుజు తీసేసి దాన్ని అరచేతిలోకి తీసుకుంది.

ఇక ఇంటికొచ్చాక పీత తప్ప మరో మాట లేదు. పళ్ళు తోముకుంటూ కూడా పీత గురించే. రికార్డు పుస్తకంలో బొమ్మ తనే వేసుకుంది. ఎడమవైపు ఐదు కాళ్ళు, కుడివైపు నాలుగు, ఐదోదాని చోట చిన్న మొగ్గ. పక్కన బాణం గుర్తు పెట్టి, 'ఊడిన కాలు మళ్ళీ మొలుస్తోంది. నేను చూశాను' అని రాసింది.

మేడమ్ ఎర్ర పెన్సిలుతో కొట్టేసి, 'పీతకు పది కాళ్ళు. ఇంట్లో దిద్దించుకుని రావాలి' అని రాశారు. ఆవిడ మంచి మనిషే. నాకు ఫోన్ చేసి, పిల్ల రాసింది నిజమేనని, కానీ రికార్డులు చూసేందుకు వచ్చేవాళ్ళు కాళ్ళు లెక్కపెడతారని, మార్కులు పోతే పిల్లే బాధపడుతుందని చెప్పారు.

నేను ఇళ్ళ ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్‌ని. ఎడమవైపు ఎన్ని కిటికీలుంటే కుడివైపు అన్నే గీస్తూ ఇరవై ఏళ్ళు గడిపిన చెయ్యి ఇది. నా ఇంట్లో ఒక పీత ఎగుడుదిగుడుగా ఉంటే ఊరుకుంటానా? స్కేలు, రబ్బరు తీసుకుని పావుగంటలో ఐదూ ఐదూ పది కాళ్ళు గీశాను. బాణం గుర్తు చెరిపాను. 'నేను చూశాను' అన్నది కూడా చెరిపాను. దానికి మార్కులు లేవు.

అమ్మాయి పక్కనే నిలబడి అంతా చూసింది.

"మరి నేను చూసింది ఎక్కడ రాయాలి నాన్నా?" అంది.

"రికార్డులో దానికి కాలమ్ లేదమ్మా" అన్నాను. అబద్ధం కాదు, నిజంగానే లేదు.

ఫలితం వినండి! ఆ రికార్డుకి బడి మొత్తం మీద ఫస్ట్ ప్రైజు వచ్చింది. నా పీతకి ఫ్రేము కట్టి, మేకులు కొట్టిన కిటికీ మీద, పోస్టరు పక్కనే తగిలించారు. స్వయంగా పరిశీలించి నేర్చుకున్నందుకు అమ్మాయికి సర్టిఫికెట్ ఇచ్చారు. ఇల్లు కూడా ప్రశాంతంగా ఉంది. పీత ఊసు లేదు, ప్రశ్నలు లేవు, జేబుల్లో ఇసుక లేదు. ఏ తండ్రికైనా ఇంతకంటే ఏం కావాలి?

మొన్న ఆదివారం నాకే ఏమీ తోచక, సముద్రం దాకా నడిచొద్దాం వస్తావా అని అడిగాను. తను టీవీ మీంచి కళ్ళు తిప్పలేదు.

"ఎందుకు నాన్నా? సముద్రం అయిపోయిందిగా" అంది.

చూశారా! పదకొండేళ్ళకే సముద్రాన్ని పూర్తి చేసేసింది. బతుకంతా పడవల మీద గడిపినవాళ్ళు కూడా ఆ మాట అనలేరు.

నాకు ఒక్క సందేహం మాత్రం మిగిలిపోయింది. పీతకి ఊడిన కాలు మళ్ళీ మొలుస్తుందని మా అమ్మాయే కదా చెప్పింది. నేను రబ్బరు పెట్టి చెరిపేసింది ఆ పిల్లలో మళ్ళీ మొలుస్తుందా అని సైన్స్ మేడమ్‌ని అడిగాను. ఆవిడ, అది సిలబస్‌లో లేదండీ అన్నారు.