నడిచే వంశంలో దేకే మనవడు

ఈ భూమ్మీద మనిషి ఘనత చదువులో లేదు, ఆస్తిలో లేదు, భక్తిలో అసలే లేదు. ఎన్నో నెలలో నడిచాడన్న దాంట్లో ఉంది! ఈ మహాసత్యం నాకు నలభై తొమ్మిదో ఏట, 1962 వేసవిలో, మా వియ్యాలవారి ద్వారా తెలిసింది.

గూడూరులో నాది నిమ్మకాయల మండీ. సరుకు చూపించకుండా మాట్లాడే అలవాటు నాకు లేదు కనుక, అప్పుడు నా చేతిలో ఏముందో ముందు చెబుతాను. మనవడు ఒకడు, పేరు హెబ్రోను, వయసు పంతొమ్మిది నెలలు. వాడికి పళ్ళు పది. కాళ్ళు రెండు, ఏ లోపమూ లేనివి. కూర్చునేచోట అరిగి చిల్లులు పడ్డ చెడ్డీలు పదకొండు. ఇవి కాక, కళ్ళు తుడుచుకుంటున్న కూతురు ఒకతె. అంతే సరుకు.

హెబ్రోను నడవడు. పాకడు కూడా. దేకుతాడు! కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండి, కుడికాలు మడిచి, ఎడమచేత్తో నేలను ఒక్క తోపు తోశాడంటే కాలవలో పడవలాగా సాగిపోతాడు. ఆ వేగం చూసి మా మండీ పిల్లి పక్కకు తప్పుకునేది. తెలిసినవాళ్ళెవరైనా వస్తే నేను వాణ్ణి చటుక్కున ఒళ్ళోకి తీసుకుని, "పొద్దున్నుంచి నడిచి నడిచి అలిసిపోయినాడు" అనేవాణ్ణి. పెద్దకాయలు పైనా చిన్నకాయలు అడుగునా పేర్చి బుట్ట కట్టడం మా వృత్తిలో తప్పు కాదు.

మా కరుణాకుమారిని నెల్లూరులో ఇచ్చాను. అల్లుడు జయకుమార్ ఆఫీసు గుమాస్తా. వియ్యంకుడు దేవకుల క్రీస్తురాజు గారు రిటైరైన హెడ్మాస్టరు, చర్చి కమిటీ కార్యదర్శి. "మాకు కులం లేదు బావగారూ, మాది దేవకులం!" అని ఆయన వారానికి రెండుసార్లయినా అనేవారు. తమ తాత హనోకు గారు తొమ్మిదో నెలలోనే నడిచారట. ఇరవయ్యో ఏట దొరవారిసత్రం నుంచి నెల్లూరుదాకా నలభై మైళ్ళు నడిచివచ్చి బాప్తిస్మం తీసుకున్నారట. అది చూసి మిషను దొర పరవశించి, బైబిల్లో దేవునితో నడిచిన పూర్వభక్తుడి పేరే ఆయనకు పెట్టారట. అప్పటినుంచి వాళ్ళది నడిచే వంశం. వాళ్ళింట్లో బండి ఎక్కినవాళ్ళు కూడా ఎక్కలేదనే చెప్పేవాళ్ళు!

ఆ వంశంలో దేకే బిడ్డ పుట్టాడు.

నెల్లూరులో డాక్టరమ్మ దగ్గరికి నేనూ, కరుణా, వియ్యపురాలు మగ్దలీనమ్మ గారూ బిడ్డను తీసుకువెళ్ళాం. డాక్టరమ్మ వాడి కాళ్ళు లాగి చూసింది, వెన్ను తట్టి చూసింది, చివరికి వాణ్ణి నేలమీద వదిలింది. వాడు బల్లకిందుగా దేకిపోయి చెత్తబుట్టలో చెయ్యి పెట్టాడు.

"బిడ్డకేం జబ్బు లేదు. కొందరు పిలకాయలు ఇంతే, పాకరు. దేకి దేకి, రెండేళ్ళకు అటూ ఇటూగా లేచి నడుస్తారు. కొన్ని కుటుంబాల్లో ఇది వరసగా వస్తుంది. మీ రెండిళ్ళలో ఎవరన్నా ఇట్లా దేకినారా?" అని అడిగింది.

మగ్దలీనమ్మ గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"మా ఇంట్లోనా! డాక్టరమ్మా, మాది నడిచే వంశం!" అని, నావైపు తిరిగారు. "అన్నయ్యగారూ, తప్పుగా అనుకోబాకండి. మీరు తరతరాలుగా మండీలో కూర్చోని యాపారం చేసినోళ్ళు. కూర్చోడం మీ రక్తంలోనే ఉండాది."

"చెల్లెమ్మా, బావగారు ముప్పై ఏళ్ళు కుర్చీలోనే గదా కూర్చోనింది?" అన్నాను.

"అది కూర్చోడం కాదు, పదవి!"

నా పేరు సమాధానం. దీనికి మాత్రం నా దగ్గర సమాధానం లేకపోయింది.

ఆ సాయంత్రమే మగ్దలీనమ్మ గారి తీర్పు వచ్చింది. "కరుణా, దేకే బిడ్డను సంఘంలో ఎట్లా చూపించేది? మీ నాయనింటికి పో. వాడు నడిచినాక రా." అల్లుడి ముఖం చూశాను. అతను వంగి చెప్పు పట్టీ సవరించుకుంటున్నాడు. ఆ పట్టీ రైలు కదిలేదాకా సర్దుకోలేదు.

ఇంటికి రాగానే మా అమ్మ రెబెక్కమ్మను అడిగాను. ఆమెకు డెబ్భై అయిదు దాటినా జ్ఞాపకం గట్టిది.

"మన ఇంట్లోనా? ఒట్టు! నువ్వు తొమ్మిదో నెలకే గోడ పట్టుకోని లేచినోడివి. పదో నెలకు వీధిలోకి పరిగెత్తితే పట్టుకోలేక సచ్చినాను" అంది.

పరువు దక్కిందని నేను గుండెలమీద చెయ్యి వేసుకున్నాను. కరుణకు మాత్రం ఆ మాటవల్ల ఒరిగిందేమీ లేదు. పగలంతా బిడ్డ చెడ్డీలకు అతుకులు వేస్తూ, రైలు కూత వినిపించినప్పుడల్లా వీధివైపు చూసేది.

తగిన ప్రయత్నాలు చేశాం. నువ్వులనూనె రాశాం. మూడు చక్రాల నడకబండి చేయించాం. వాడు దాన్ని తోయలేదు, ఎక్కి కూర్చుని మమ్మల్ని తోయమన్నాడు! సముద్రపు ఇసకలో మోకాళ్ళదాకా పాతిపెడితే కాళ్ళకు బలం వస్తుందని ఎవరో చెబితే మైపాడు తీసుకుపోయి పాతాం. హాయిగా నిలబడి, అందినంత ఇసక తిన్నాడు. తీయగానే కూర్చున్నాడు.

జూలైలో వియ్యంకుడి దగ్గరనుంచి ఉత్తరం వచ్చింది. మనిషి రిటైరయ్యాడు గాని చెయ్యి రిటైరు కాలేదు.

"విషయం: చి. హెబ్రోను నడవకపోవుట గురించి. సూచిక: మా మౌఖిక హెచ్చరికలు రెండు. పై విషయమై తమకు తెలియజేయునది ఏమనగా, ఆగస్టు పన్నెండవ తేదీ ఆదివారమున కీ.శే. దేవకుల హనోకు గారి స్మారక సండేస్కూలు గది ప్రారంభోత్సవము జరుగును. సదరు బాలుడు స్వయముగా నడిచివచ్చి రిబ్బను కత్తిరించునని ఆహ్వానపత్రికలో అచ్చు వేయించడమైనది. కావున పదవ తేదీలోగా సదరు బాలుడు నడుచునట్లు తగు చర్యలు గైకొని, నివేదిక పంపవలెను."

నేను వెంటనే జవాబు రాశాను. "అయ్యా, తమ ఉత్తర్వును సదరు బాలుడికి చదివి వినిపించడమైనది. ముట్టినట్లు రసీదుగా వాడు దాన్ని తడిపాడు. అసలు ప్రతిని ఆరబెట్టి జతపరిచాను."

కరుణ ఎన్నాళ్ళకో నవ్వింది.

వారం తిరక్కుండానే యెహోషువ తాత మండీకి వచ్చాడు. దొరవారిసత్రం పక్కపల్లెలో తాటాకు బుట్టలు అల్లి, నాకు నిమ్మకాయలకు వేస్తుంటాడు. ఎనభై దాటిన మనిషి. బుట్టలు దించి, చుట్ట ముట్టించబోతూ ఆగిపోయాడు. కాయల గుట్ట పక్కనుంచి హెబ్రోను దేకుతూ వస్తున్నాడు. కుడికాలు మడత, ఎడమచేత్తో తోపు!

"ఓరి నీ! ఈ పిలకాయ దేకులోళ్ళ పిలకాయ గదా సామీ?" అన్నాడు తాత.

"కాదు తాతా. దేవకుల వారి మనవడు."

"దేవకులా? అదేం పేరూ? మా పల్లెలో ఉన్నింది దేకులోళ్ళే. దేకులోళ్ళంటే దేకేవాళ్ళు. అందరికీ అదే వరస, కుడికాలు మడిచి ఎడంచేత్తో తోసేది. మా హనోకు మామ మూడేళ్ళదాకా నడిస్తే ఒట్టు! మా అమ్మ చెప్పి చెప్పి నవ్వేది. బాప్తిస్మమప్పుడు దొరగారు గూడా ఆ కత విని నవ్వి, ఇకనన్నా నడుస్తాడులే అని ఆ నడిచినాయన పేరు పెట్టినాడు."

"నెల్లూరికి నలభై మైళ్ళు నడిచిపోయినాడంట గదా?"

"ఎవురు? మామా? ఉప్పు పడవలో కూర్చోని పోయినాడు. కాలవ ఉండంగా నడిచేదానికి ఆయనకేం పిచ్చా?"

నేను హెబ్రోను వంక చూశాను. మధ్యలో ఒక 'వ' చేర్చి, 'దేకుల'ను 'దేవకుల' చేసిన నేర్పును మనసులోనే మెచ్చుకున్నాను. మేం బుట్టలో పైకాయ మార్చడం తెలిసినవాళ్ళమే గాని, పేరుమధ్యలో అక్షరం పెట్టి అమ్మడం మా బుద్ధికి తట్టలేదు! అయినా మంచి సరుకు దొరికిందని వీధిలో అరిచేవాడు వ్యాపారి కాడు. "తాతా, పన్నెండో తేదీ మీ మామ పేరిట గది తెరుస్తున్నారు. నాతో రైల్లో నెల్లూరికి వస్తావా?" అని మాత్రం అడిగాను.

"నన్ను పిలవలేదే?"

"నేను పిలుస్తుండాను గదా."

పన్నెండో తేదీ వచ్చింది. బిడ్డకు నడక రాలేదు. కొత్త గది కళకళలాడుతోంది. సిమెంటు నేలను ముఖం కనబడేటట్టు నున్నగా పాలిష్ పట్టించారు. గోడకు నల్లరాతి పలక, దానిమీద 'దేవకుల హనోకు' అని అడుగెత్తు అక్షరాలు. గది మధ్యన రెండు కుర్చీలకు కట్టిన ఎర్ర రిబ్బను. అల్లుడు హెబ్రోనును ఎత్తుకుని నిలబడ్డాడు. కరుణను వెనక వరసలో కూర్చోబెట్టారు.

క్రీస్తురాజు గారు గొంతు సవరించుకున్నారు. "ప్రియులారా! మా మనవడు తొమ్మిదో నెలనుంచే నడుస్తున్నాడు. అయితే నిన్నటినుంచి స్వల్ప జ్వరం మూలాన, ఈ ఒక్కరోజుకు మాత్రం..."

జ్వరమున్న మనవడు ఎర్ర రిబ్బను చూశాడు. తండ్రి చేతుల్లో చేపలాగా ఒక్క గింజు గింజుకుని జారి, నేలమీద కూర్చున్నాడు. అంత నున్నటి నేల వాడి జన్మలో చూడలేదు! కుడికాలు మడిచాడు. ఎడమచేత్తో తోశాడు. సర్రుమని సంఘపెద్దల కాళ్ళ ముందుగా సాగిపోయి, రెండుచేతులా రిబ్బను పట్టి లాగాడు. కుర్చీలు రెండూ బోర్లాపడ్డాయి. గది ప్రారంభమైంది.

ఎవరూ నవ్వలేదు. నవ్వొచ్చునో లేదో తెలియక సంఘమంతా కార్యదర్శి ముఖం చూస్తోంది. అప్పుడు నా పక్కనుంచి యెహోషువ తాత లేచాడు. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి.

"అచ్చం మా హనోకు మామే! కుడికాలు మడత చూడండి సామీ! దేకులోళ్ళ రక్తం యాడికి పోతాది? ఒరే క్రీస్తురాజూ, నువ్వు గూడా ఇట్టనే గదరా దేకింది! మీ నాయన పండక్కని పల్లెకు తెస్తే, రెండేళ్ళోడివి, మా ఇల్లంతా నీ పిర్రలతోనే ఊడ్చినావు గదరా!"

ఇక నవ్వు ఆగలేదు. గది పైకప్పు లేచిపోయింది. మగ్దలీనమ్మ గారు మొగుడి వంక చూసిన చూపు నేను వర్ణించను. ముప్పై రెండేళ్ళ కాపురంలో ఆమెకు ఆ సంగతి ఆ క్షణాన తెలిసింది.

కాని హెడ్మాస్టరు హెడ్మాస్టరే! రెండు నిమిషాలు తల వంచుకుని, ఎత్తేసరికి ముఖంలో తేజస్సు వచ్చేసింది.

"ప్రియులారా! నేను చెప్పదలచుకున్నది ఇదే! గర్వించి నిటారుగా నడిచేవాళ్ళు ఈ లోకంలో కోట్లు. నేలను అంటిపెట్టుకుని, తగ్గించుకుని సాగేవాళ్ళు ఎందరు? మా తాతగారు దేకారు. నేను దేకాను. ఇది దీనత్వం!"

"ఆమేన్!" అన్నారు పెద్దలు. చర్చి గుమ్మం దాటేలోపలే ముగ్గురు నా చెవిలో, చిన్నప్పుడు తామూ దేకినవాళ్ళమేనని చెప్పారు. ఒకాయనైతే తన భార్య తరపువాళ్ళు కూడా దేకారన్నాడు.

మగ్దలీనమ్మ గారు కరుణ చెయ్యి పట్టుకున్నారు. "రా తల్లీ, మన ఇంటికి పోదాం. వంశం పేరు నిలబెట్టినాడు నా బంగారం!"

కరుణ మెల్లగా చెయ్యి విడిపించుకుంది. "నడిచినాక రమ్మన్నారు గదత్తా. ఇంకా నడవలేదు" అంది. బిడ్డను చంకనెత్తుకుని స్టేషనుకు దారి తీసింది.

అప్పుడు జరిగింది అసలు వింత. జయకుమార్ చెప్పు పట్టీ వంక చూడలేదు. గబగబా వెనకాలే వచ్చి, బిడ్డను తన భుజంమీదికి తీసుకుని, మాతోపాటు రైలెక్కాడు. రెండు నెలలు గూడూరునుంచే ఆఫీసుకు పోయి వచ్చాడు. సాయంత్రాలు మండీలో నా పక్కన కూర్చునేవాడు. కూర్చోవడంలో బాగానే ఆరితేరాడు!

అక్టోబరులో ఒకరోజు హెబ్రోనుకు రెండు పెద్ద నిమ్మకాయలు దొరికాయి, చేతికొకటి. కొంచెం దూరంలో మూడోది కనబడింది. దేకాలంటే చెయ్యి నేలకు ఆనించాలి. ఆనించాలంటే కాయ వదలాలి. వాడు కాసేపు ఆలోచించాడు. ఉన్న సరుకు వదలడం వాడికి ఇష్టం లేకపోయింది. లేచి నిలబడి, నాలుగడుగులు నడిచి, మూడోదాని దగ్గర నిలబడ్డాడు. కరుణ "నాయనా!" అని ఒక్క కేక పెట్టి, నేలమీద కూలబడి, ఏడుస్తూ నవ్వింది.

కబురందుకుని వియ్యాలవారు తర్వాతి రైలుకే దిగారు. బిడ్డ ఎదురునడిచాడు. మగ్దలీనమ్మ గారి ముఖం వాడిపోయింది.

"అప్పుడేనా! నిండా రెండేళ్ళయినా లేదే! మా హనోకు తాత మూడేళ్ళదాకా దేకినాడు. ఏం చేస్తాం, అన్నయ్యగారూ, మీ పోలిక తగిలింది!"

వాళ్ళు కూతుర్నీ అల్లుణ్ణీ మనవణ్ణీ తీసుకుని వెళ్ళిపోయాక, మా అమ్మ రెబెక్కమ్మ మంచంమీదనుంచి పిలిచింది.

"సమాధానం! వాళ్ళ రక్తం వాళ్ళ రక్తమంటుండావే, మనది మాత్రం తక్కువా? నువ్వూ రెండేళ్ళు దాటిందాకా నా కొంగు పట్టుకోని దేకినోడివే."

"మరి తొమ్మిదో నెలకే నడిచినానని ఒట్టు పెట్టినావే!"

"సాక్షి ఎవరి తరపున చెప్తాడురా? పిలిచినోడి తరపున!"

ఇక ముగింపు లెక్క. చినిగిన చెడ్డీలు ముప్పై నాలుగు. ఎవరూ పట్టుకుని నడవని నడకబండి ఒకటి. మాట దక్కించుకున్న కూతురు ఒకతె. వెన్ను నిలిచిన అల్లుడు ఒకడు. రాతిపలకమీద ఎవరూ చెక్కి తీయని 'వ' ఒకటి. రెండువైపులా దేకిన వంశాలు కలిసి కన్న మనవడు, నడుస్తున్నవాడు, ఒకడు. మా అమ్మ చెప్పిన ఆ మాట మాత్రం బుట్ట అడుగున పెట్టి, పైన పెద్దకాయలు పేర్చాను. నెల్లూరు వెళ్ళినప్పుడల్లా, "మా ఇంట్లో అందరం తొమ్మిదో నెలకే నడిచినాం చెల్లెమ్మా" అనే చెబుతున్నాను.