నా చేత్తో ఇవ్వకూడని కాగితం

ఉద్యోగం పోవడమంత అదృష్టం ఇంకోటి లేదు! నవ్వకండి. ఉద్యోగం పోయి, నిరుద్యోగ భృతి రాక, కోర్టుకెక్కినవాణ్ణి చెబుతున్నాను. అసలు సుఖం భృతిలో లేదండీ, కోర్టు కాగితం అవతలివాళ్లకు అందజేయడంలో ఉంది!

నేను పిజ్జాల ఫ్యాక్టరీలో చీజు చల్లేవాణ్ణి. ఎక్కువ చల్లుతున్నానని మా బాసు ఆరిన్ స్టెన్‌స్రూడ్ ఓ రోజు చిర్రెత్తి, "ఇంక పనికి రాకు, ఇంటికి పో" అన్నాడు. పెద్దాయన మాట కదా, పోయాను. భృతి ఆఫీసువాళ్లేమో "తనంతట తనే మానేశాడు, భృతి లేదు" అని తేల్చేశారు. మా విస్కాన్సిన్ చలికి ఇంట్లో హీటరు వెలగాలంటే ఆ భృతి రావాల్సిందే. అందుకే ఆ ఆఫీసు మీదా, బాసు మీదా కేసు వేశాను.

అప్పుడు తెలిసింది ఆ బంగారంలాంటి రూలు. కేసు వేసినవాడు తన చేత్తో కాగితం ఇవ్వకూడదట! కేసుతో సంబంధం లేని మనిషెవరైనా ఇవ్వాలట. ఎంత ముందుచూపు! లేకపోతే నేను తెలివితక్కువగా క్షణంలో పని కానిచ్చేవాణ్ణి. ఎందుకంటే బంతి దొర్లించి పిన్నులు పడగొట్టే బౌలింగ్ ఆటలో బాసూ నేనూ ఒకే టీము, వారం వారం హాల్లో కలుస్తాం.

"ఏవయ్యా వెర్లిన్, కేసేశావటగా? ఏదీ, ఇలా తే, చదువుతా" అని ఆయనే చెయ్యి చాపాడు.

"అమ్మో, ముట్టుకోకండి సార్! చట్టం ఒప్పుకోదు."

"నేనే అడుగుతుంటే చట్టానికేం నొప్పి?"

"అదంతా నాకు తెలీదు. కాస్త దూరం జరగండి."

పాపం, జరిగాడు. ఇద్దరం చెరో మూలా నిలబడి ఆడాం. చిత్తుగా ఓడాం.

సంబంధం లేని మనిషి మా ఊళ్లో దొరకడం మాటలా? ఒకడు బాసుకు తోడల్లుడు. ఇంకొకడు మా ఫ్యాక్టరీవాడే. చివరికి ఆ బౌలింగ్ హాల్లోనే ప్రతి శుక్రవారం చేపల వేపుడు వడ్డించే ఆర్డిస్ అక్క కాళ్లు పట్టుకున్నాను.

"ఇస్తాలేరా, ఏడవకు. నీ మొహం చూస్తే నాకు గిరాకీ పోతోంది" అంది.

ఇచ్చింది కూడా, చేపల ప్లేటుతో పాటు. ఆకలి మీదున్న బాసు మొదటి పేజీ తీసి కాలర్‌లో దోపుకున్నాడు.

"అది నాప్‌కిన్ కాదు మహానుభావా, కోర్టు కాగితం!" అని ఆర్డిస్ అక్క అరిచింది. హాలంతా తిరిగి చూసింది. బాసు నాలిక్కరుచుకుని, పేజీ పైకెత్తి చూపించాడు. "అందింది, అందింది!" జనం చప్పట్లు కొట్టారు. నా పెళ్లికి కూడా ఇంత సందడి లేదు!

విచారణ రోజున ఎవరొచ్చారనుకున్నారు? బాసే! సాస్ మరకల కాగితం పట్టుకుని మరీ లేచి నిలబడ్డాడు.

"నేనే పొమ్మన్నానండీ. వీడంతట వీడు మానలేదు. చీజు కాస్త ఎక్కువేస్తాడు, అంతే. వెనక్కి పిలుద్దామంటే ఈపాటికి వీడి చోట మిషను పెట్టేశాను."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంక గెలిచినట్టే కదా?

"అదంతా తర్వాత. భృతి ఆఫీసుకు కాగితం ఎలా పంపారు?" అన్నారు జడ్జిగారు.

"పోస్టులోనండీ. అందింది కూడా. వాళ్ల లాయరుగారి చేతిలో ఉంది, చూడండి."

లాయరుగారు దాన్ని ఎత్తి చూపించి తలాడించారు. చాలా మర్యాదస్థుడు.

"మామూలు పోస్టా? రిజిస్టర్డా?"

"మామూలేనండీ."

"రిజిస్టర్డ్‌లోనే పంపాలని రూలు. కేసు కొట్టేశాను."

పొమ్మన్నవాడు పొమ్మన్నానని ఒప్పుకున్నాడు. అందుకున్నవాడు అందిందని ఒప్పుకున్నాడు. నేను మాత్రం ఇంట్లో కోటు వేసుకుని, టోపీ పెట్టుకుని ఇది రాస్తున్నాను.

అయినా రూల్సు ఉండాలండీ! అవే లేకపోతే, పాపం, వాళ్లు నా మాట వినాల్సొచ్చేది.