తొక్క పైకా, కిందకా

లోకంలో మొగుడూ పెళ్ళాలు నగల గురించి పోట్లాడుకుంటారు, కూరలో ఉప్పు గురించి పోట్లాడుకుంటారు. నార్వే దేశంలో టోర్గేర్, గున్వోర్ దంపతులు మాత్రం చలికాలానికి ఎండబెట్టే కట్టెల తొక్క గురించి పోట్లాడుకునేవారు.

"తొక్క పైకి పెట్టి పేర్చవే, వాన జారిపోతుంది" అనేవాడు టోర్గేర్.

"కిందకి పెట్టవయ్యా, లోపలి తడి ఆవిరైపోతుంది" అనేది గున్వోర్.

చీల్చేది ఆయన, పేర్చేది ఆవిడ. అందుకే సంసారం సాగింది. ఒక వసంతంలో ఆవిడ చర్చికి వెళ్లిన సమయం చూసి, ఆవిడ పేర్చిన గుండ్రటి గుట్టని టోర్గేర్ కూల్చేసి, తొక్క పైకి పెట్టి బారుగా పేర్చేశాడు. గున్వోర్ వచ్చి చూసింది. కాఫీ ఒక్క కప్పే కాచుకుని తాగి, పెట్టె సర్దుకుని, సముద్రం ఒడ్డున ఉన్న అక్క ఊరికి బస్సెక్కింది.

"ఎప్పుడొస్తావే?"

"నీ కట్టెలు ఆరాక!"

ఆ లోయలో చలికాలం వస్తే ఆవు కూడా గడ్డకట్టిన పాలే ఇస్తుంది. కానీ టోర్గేర్ ఇంట్లో చలి ఆ ఏడు వేసవిలోనే దిగింది. మంచంలో తన సగంలోనే పడుకునేవాడు, ఆ రెండో సగం ఎవరికో అద్దెకిచ్చినట్టు. గోడ గడియారాన్ని కుశలమడిగేవాడు. గోధుమరంగు జున్నుగడ్డని అంతటా సమంగా కోయకుండా, మధ్యలోనే కోసి కోసి జారుడుబల్ల చేశాడు. గున్వోర్ ఉంటే ఇల్లు ఎగిరిపోయేలా తిట్టేది. ఇప్పుడు ఆ జారుడుబల్ల మీద పిల్లలు ఆడుకున్నా అడిగే దిక్కు లేదు.

రమ్మంటే వచ్చేదే. కానీ ఆ ఒక్క మాట ఆయన గొంతులో కొమ్ముల దుప్పిలా అడ్డం తిరిగి నిలబడింది.

అందుకని పథకం వేశాడు. ఆ ఊళ్లో కట్టెల పేర్పు వంకరైతే ఇంటావిడ పరువు వంకరైనట్టే. మొగుడు పస్తులున్నాడంటే గున్వోర్ ఊరుకుంటుందేమో గానీ, రోడ్డు పక్కన వంకర పేర్పుందంటే ఊరుకోదు. పేర్పు కూల్చి, తాగినవాడు సర్దినట్టు మళ్లీ పెట్టాడు. ఒక తొక్క పైకి, ఒక తొక్క కిందకి, ఒకటి పక్కకి. ఎదురింటి అస్లౌగ్‌కి ఊరివాళ్లు పెట్టిన పేరు 'రేడియో'. చూడగానే గున్వోర్‌కి ఫోను కొడుతుందని ఆయన లెక్క.

కొట్టుకి వెళ్లొచ్చేసరికి పేర్పు నూలు పట్టి గీసినట్టు నిటారుగా ఉంది! చుట్టూ మనిషన్నవాడు లేడు.

మళ్లీ కూల్చాడు. చేపలకి వెళ్లొచ్చాడు. ఈసారి పైన రేకుల కప్పు కూడా వేసుంది.

మూడోసారి కూల్చి, దొంగని పట్టుకుందామని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఎండ హాయిగా ఉంది, కునుకు పట్టింది. లేచి చూస్తే నాలుగు పక్కలా ఆయన గడ్డం ఎత్తున కట్టెలు! కుర్చీ చుట్టూ పేర్చి పోయారు. ఒళ్లో వేడి కాఫీ ఫ్లాస్కు కూడా పెట్టారు. ఆ ఊరివాళ్లు అడక్కుండా సాయం చేస్తారు గానీ, అడక్కుండా పలకరించరు. నిద్ర లేపడం మరీ అమర్యాద.

కట్టెలెక్కి బయటపడేసరికి అస్లౌగ్ పోతూ కనిపించింది.

"ఎవరు చేశారమ్మా ఇది?"

"బాగా కుదిరింది కదన్నా?"

"నాతో ఒక్క మాట మాట్లాడొచ్చుగా ఎవరైనా!"

"మాట్లాడితే పని చెడుతుంది" అని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం ఫోను మోగింది. గున్వోర్!

"కట్టెలు బ్రహ్మాండంగా ఉన్నాయటగా. ఇంక నాతో ఏం పని?"

టోర్గేర్ ఫోను రెండు చేతులా పట్టుకున్నాడు. "నేను కాదే పేర్చింది! ఊరివాళ్లు! నేను... నేను కూల్చానంతే."

"తెలుసు. అస్లౌగ్ చెబుతూనే ఉంది. నువ్వు కూల్చినప్పుడల్లా నిలబెట్టమని వాళ్లకి ఫోన్ చేసింది నేనేగా."

"నువ్వా! ఎందుకే?"

"ఆ ఒక్క మాట అనకుండా ఎన్నిసార్లు కూలుస్తావో చూద్దామని."

"ఏ మాట?"

"నాకేం తెలుసు? చెప్పాల్సింది నువ్వు."

టోర్గేర్ జున్ను వంక చూశాడు. గడియారం వంక చూశాడు. ఎవరూ సాయం రాలేదు.

"వచ్చెయ్యవే గున్వోర్" అన్నాడు చివరికి. "కట్టెలు ఆరుతున్నాయి గానీ, ఇల్లే చల్లగా ఉంది."

మర్నాటి బస్సులో దిగింది. మొగుడి మొహం చూడలేదు, తిన్నగా పేర్పు దగ్గరికి నడిచింది.

"తొక్క పైకి! ఊరికంతా నువ్వే నేర్పావా?" అంటూ కోటైనా విప్పకుండా మొదటి కట్టె లాగింది. సాయంత్రం దాకా గుండ్రంగా పేర్చింది. టోర్గేర్ ఒక్కో కట్టె అందించాడు, తొక్క కిందకి తిప్పి మరీ.

ఆఖరి వరసకొచ్చాక, "ఇది మాత్రం తొక్క పైకివ్వు. వాన జారాలిగా" అంది.

"అదే కదే ఇన్నేళ్లూ నేను చెప్పింది!"

"చెప్పావు. అన్ని వరసలకీ చెప్పావు."

చేతులు దులుపుకుని లోపలికెళ్లింది. రెండు కప్పుల చప్పుడైంది. మరుక్షణం కేక.

"టోర్గేర్! జున్నుని ఇలా చేశావేమిటయ్యా! కోతివా మనిషివా! కళ్లు కనపడవా..."

టోర్గేర్ మొద్దు మీద కూర్చుని, టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని, ఆ తిట్లు అయిపోయేదాకా విన్నాడు.